జారిన బంతికి చప్పట్లు

చిట్టి అందుకోబోయిన బంతి చేతుల్లో పడ్డట్టే పడి జారిపోయింది.

కోర్టు బయట బెంచీ మీద ఎవరో చప్పట్లు కొట్టారు.

త్రోబాల్ ఫైనల్ అది. పాయింటు పోయి ఏడుస్తుంటే ఈ చప్పట్లొకటి! కెప్టెన్‌కు ఒళ్ళు మండింది.

బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ బాక్సు సంచి, మెడలో ఇంకా తీయని ఆఫీసు కార్డు.

"అవతలి జట్టు మనిషేమోనే," అంది పక్కమ్మాయి.

"ఆవిడ సంగతి తర్వాత," అంది కెప్టెన్. "ముందు దీన్ని చూడు. మన ప్రాణానికి ఇంకో జల్లెడ తయారైంది!"

జట్టంతా కిసుక్కున నవ్వింది. జట్టులో అందరికన్నా చిన్నదైన చిట్టి తల దించుకుంది.

పోయినేడు జట్టులో ఒకమ్మాయి ఉండేది. ఏ బంతీ చేతిలో నిలిచేది కాదు. కెప్టెనే ముచ్చటపడి "జల్లెడ" అని పేరు పెట్టింది. బడంతా అదే పిలుపు. కొన్నాళ్ళకు ఆ పిల్ల ఆటకు రావడం మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

బెంచీ మీద చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి.

'దారికొచ్చింది,' అనుకుంది కెప్టెన్.

ఎక్కడ! చిట్టి మళ్ళీ పరిగెత్తింది, మళ్ళీ వదిలేసింది. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా వినిపించాయి.

విరామంలో కెప్టెన్ నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళింది.

"ఆంటీ, మీరు ఏ జట్టు?"

"మీ జట్టేనమ్మా."

"మరి మేం బంతి వదిలేస్తే చప్పట్లేంటండీ?"

"అంత దూరం నుంచి పరిగెత్తి వచ్చింది కదమ్మా పాప."

"పరిగెత్తినందుకు పాయింట్లిస్తారా? మీవల్ల మా పిల్ల కంగారుపడిపోతోంది. దయచేసి బయటికెళ్ళండి."

ఆవిడ కెప్టెన్ ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. సంచి భుజాన వేసుకుంది.

"బాగా ఆడండమ్మా," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చప్పట్లు లేవు. చిట్టి పరుగూ లేదు. బంతి తన వైపు వస్తుంటే వెనక్కి జరిగేది.

ఓడిపోయారు.

"నీకేమైందే? ఆవిణ్ణి పంపించేశాను కదా!" కెప్టెన్ గొంతు లేచింది.

"అందుకేనక్కా." చిట్టి కళ్ళు తుడుచుకుంది. "పరిగెత్తి వదిలేస్తే నువ్వు తిడతావు. పరిగెత్తకపోతే నా బంతి కాదనుకుంటావని."

కెప్టెన్‌కు ముఖం వేడెక్కింది.

"ప్రాక్టీసప్పుడు కూడా ఆవిడ గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టేదక్కా. నేను ఆట మానేద్దామనుకున్న రోజు కూడా."

కెప్టెన్ గేటు దాకా పరిగెత్తింది. రోడ్డు మీద ఎవరూ లేరు. వెనకే చిట్టి వచ్చి నిలబడింది.

"మీ పెద్దమ్మా?"

"కాదక్కా. నాకేమీ కాదు."

"మరి నీకోసం ఎందుకే అంత..."

"వాళ్ళమ్మాయికి ఎవరూ చప్పట్లు కొట్టలేదంట."

"ఏ అమ్మాయికి?"

చిట్టి నేల చూపులు చూసింది.

"అసలు పేరు నాకు తెలీదక్కా. మీరంతా జల్లెడ అంటారే, ఆ అక్కకి."