గాలియంత్రం ఆగిన మూడు రోజులు

చేపల్లో విషం ఉందేమో చూసే పరీక్ష రోజున సరస్సు గట్టుపై హాజరైనవారు: ముందు మత్స్య సంఘం అధ్యక్షుడు వీరాస్వామి, ఆయన వెనుక చేపల గంపతో దానమ్మ, అందరికంటే చివర నేను.

అడుగు బురదకు గాలి అందకపోతే అందులోని సూక్ష్మజీవులు పాదరసాన్ని చేపల కండలో పేరుకునే విషంగా మారుస్తాయి. అందుకే ఇప్పుడు ప్రతి సరస్సుకూ ఒక గాలియంత్రం, దానికొక కాపరి ఉంటారు. రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ పొందిన నేను ఇక్కడి కాపరిని.

గత మాసం నా భార్య సుభద్ర మరణించింది. చావింట చప్పుడు తగదని, పది రోజులు మ్రోగకూడదని చెప్పి యంత్రాన్ని ఆపించాను. ఫలితమేమిటో తెలిసే ఆపించాను. మూడవ నాడు అది మళ్ళీ మ్రోగింది. వెళ్ళి చూస్తే మీట వద్ద దానమ్మ.

"మైలలో ఉన్నవాడి మాటకు విలువ లేదా?" అన్నాను.

"అమ్మగారు పోయారని బురద కూడా ఊపిరి బిగబట్టుకోవాలా మేష్టారూ? పిల్లలు తినే చేపలండీ ఇయ్యి!"

ఆ తరువాత నేను ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడటానికి ఇంట్లోనూ ఎవరూ లేరు.

ఒక్క చేపలో విషం కనిపించినా ఏడాదంతా వేట నిషేధం. అయితే ఈ రోజు పరీక్ష పలకపై ప్రతి చేపకూ పచ్చదీపమే వెలిగింది.

"అంతా మీ కాపలా చలవే మేష్టారూ," అన్నాడు వీరాస్వామి.

దానమ్మ నిజం చెప్పలేదు. గంపలోంచి ఒక చేప తీసి నా చేతిలో పెట్టింది. "ఒక్కరేగదండీ, చిన్నది సాలు."

నేను సంఘం పుస్తకం అడిగి తీసుకుని ఇలా వ్రాశాను: "కాపరి ఆపిన యంత్రాన్ని, ఆ కాపరిని ధిక్కరించి నడిపి, ఈ సరస్సును రక్షించినవారు శ్రీమతి బొడ్డు దానమ్మ గారు. ఇందుకు నేను వారికి కృతజ్ఞుడను."