కడసారి నీళ్ళు

“నాలుగు బిందెల నీళ్ళివ్వరా? సరే, శవాన్నే ఇక్కడికి మోసుకొస్తాం. మీ గుమ్మంలోనే కడుగుతాం!”

వార్సి కేకకు జకార్తా రేవు దగ్గరి నీళ్ళ కంపెనీ ఆఫీసులో అందరూ తలలెత్తారు. ఆమె మోకాళ్ళదాకా బురద. నడిచొచ్చినంత మేరా తెల్లటి గచ్చు మీద మరకలు.

“అరవకమ్మా. పోయిందెవరు?” అన్నాడు మేనేజరు హెర్మావాన్.

“మా ఆయన, తస్మిన్. సాయంత్రం నమాజులోపు మట్టి చెయ్యాలి. ఒంటిమీద నీళ్ళు పొయ్యకుండా ఎట్లా పంపను?”

“మీ సందుకి నీళ్ళెందుకు ఆపామో తెలుసుగా. అన్నీ దొంగ పైపులే.”

“దొంగలెవరో వాళ్ళనడగండి. మా కుళాయిలో ఏళ్ళ తరబడి వచ్చేది గాలే. ఆ గాలికీ మీ మీటరు గిర్రున తిరిగేది.”

ఎవరో నవ్వబోయి దగ్గారు.

“వార్డు ఆఫీసులో చెప్పుకో.”

“అక్కణ్ణించే వస్తున్నా. నీళ్ళు మావి కావు, కంపెనీకి ఇచ్చేశాం అన్నారు. మీరేమో అక్కడికే పొమ్మంటారు. ఎవరివయ్యా మరి ఈ ఊరి నీళ్ళు? డబ్బాలమ్మే బండివాడు కూడా ఇవాళ మా సందులోకి రానన్నాడు.”

“నీళ్ళు దొరక్కపోతే మట్టితో శుద్ధి చెయ్యొచ్చు కదా?”

“ఇమాం కూడా అదే అన్నాడు.” వార్సి కిటికీలోంచి బయటికి చెయ్యి చాపింది. “దొరక్కపోతే కదయ్యా! అదిగో, మీ తోటమాలి గడ్డికి పోస్తున్నాడు. ఇన్ని నీళ్ళున్న ఊళ్ళో నా మొగుడికి మట్టి రాయమంటారా?”

హెర్మావాన్ కిటికీవైపు చూడలేదు. లేచి, మూలనున్న తాగేనీళ్ళ డబ్బా తనే తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఇంతకన్నా నావల్ల కాదు. నేనిచ్చానని మాత్రం చెప్పకు. రేపు సందంతా వచ్చి నా నెత్తిన కూర్చుంటుంది.”

“మొహానికీ చేతులకీ వస్తాయేమో” అంది ఆమె తనలో తాను. డబ్బా చంకనెత్తుకుని గుమ్మందాకా వెళ్ళింది.

ఊరికే పంపడానికి ఆయనకి మనసొప్పలేదు. “ఏం జబ్బు చేసిందమ్మా?” అని అడిగాడు.

“జబ్బేం లేదయ్యా. రాత్రి పోటుకి సముద్రపు గట్టు తెగింది. మురుగంతా ఇళ్ళలోకి ఎగదన్నింది. ఆ నీళ్ళలోనే మునిగి చచ్చిపోయాడు.”