పది గంటల ఓడ

మొదటి దెబ్బకే నవ్వులాయన కింది పెదవి చిట్లింది. రెండో దెబ్బకు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పాత కార్లు అమ్మే ఆ మనిషి ఎప్పుడు చూసినా పళ్లికిలిస్తూ ఉంటాడని జనం పెట్టిన పేరది. ఇప్పుడు ఆ పళ్లలో ఒకటి గచ్చు మీద పడి ఉంది.

"లేవరా! లేచి చెప్పు, ఏం బండి అంటగట్టావు నాకు?"

కొడుతున్నది మాంసం కొట్టు నడిపే మనిషి. రోజుకు పది గొర్రెలను కోసే చేతులవి. గుమ్మం దగ్గర స్టూలు మీద అతని తల్లి శాలువా కప్పుకుని కూర్చుంది. కుడిచెయ్యి శాలువా లోపలే ఉంది. చూపు మాత్రం గోడ గడియారం మీద ఉంది. పది కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

"అన్నా, చవగ్గా కావాలన్నావు, చవగ్గా ఇచ్చాను..."

"ఇదా చవక? మూడు నెలల్లో బ్యాటరీ మార్చాను, క్లచ్చు మార్చాను, నాలుగు టైర్లూ మార్చాను. నీకిచ్చిందానికి రెండింతలు దాని నోట్లో పోశాను. ఇంత చేసినా ఇవాళ, సరిగ్గా ఇవాళే, నడిరోడ్డు మీద చచ్చింది!"

ఇవాళే చావడమే అతని కడుపుమంట. పది గంటల ఓడలో తమ్ముడు దేశం దాటిపోతున్నాడు. నాన్న కట్టిన మెకానిక్ షెడ్డును, అన్న సంతకం కూడా తానే గీకేసి అమ్ముకుని, చెప్పాపెట్టకుండా పోతున్నాడు. ఆ సంగతి నిన్న సాయంత్రం బయటపడింది. తెల్లవారేసరికి అన్న కత్తి నూరి తువ్వాలులో చుట్టాడు. పెరట్లో గిన్నె తోముతున్న తల్లి అది చూసింది. అడ్డు చెప్పలేదు. నేనూ వస్తానంది, అంతే.

"నువ్వెందుకు?"

"వెళ్లేవాడికి ఒకటివ్వాలి."

"ఇవ్వు. తీసుకోవడానికి వాడికి చేతులు మిగిలితే."

కారు పావుగంట కూడా నడవలేదు. బానెట్ కింద ఎవరో సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆ తర్వాత కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది.

"ఇంజిన్ పట్టేసిందిరా. ఇక కదలదు" అంది తల్లి. నలభై ఏళ్లు మెకానిక్‌తో కాపురం చేసిన మనిషి, ఆమాత్రం తెలియకుండా ఉంటుందా?

అక్కడి నుంచి రేవుకు ఇంకా గంట పైనే ప్రయాణం. మనిషి జాడలేని ఆ దారిలో గంటసేపు చేతులూపితే ఒకే ఒక్క లారీ ఆగింది, అదీ ఊళ్లోకి వచ్చేది. కారుకు తాడు కట్టి లాక్కొచ్చి, నవ్వులాయన దుకాణం ముందు వదిలేసి పోయింది.

"రా, నువ్వే చూడు!" అంటూ ఇప్పుడు అన్న నవ్వులాయనను కాలరు పట్టి ఈడ్చుకెళ్లి కారు కిందికి తోశాడు.

నవ్వులాయన వెల్లకిలా పాకుతూ లోపలికి వెళ్లాడు. కాసేపటికి కింది నుంచి గొంతు వినిపించింది.

"నూనె చుక్క లేదన్నా. అడుగున నూనె దింపే బోల్టే లేదు."

"అంటే ఊడిపోయే బోల్టు పెట్టి అమ్మావన్నమాట!"

"దారిలో ఊడితే అడుగంతా నూనె చిమ్మాలి కదన్నా. ఇదేంటో పొడిగా..."

మాట పూర్తి కానివ్వలేదు. కాళ్లు పట్టి బయటికి లాగి పక్కటెముకల మీద తన్నాడు. లోపల ఏదో విరిగిన చప్పుడు స్టూలు దాకా వినిపించింది.

"కబుర్లు చెబుతావా? నూనె అయిపోతే ఎర్ర లైటు వెలగాలి కదరా. ఎందుకు వెలగలేదు?"

ఇంకో తన్ను పడింది.

"బల్బు... నేనే పీకేశాను. అది ఊరికే వెలుగుతుంటే కొనేవాళ్లు భయపడతారని..."

దొరికిపోయాడు. ఇలాంటివాడి మీద జాలిపడటం కష్టమే. కానీ అతను నేల మీద ముడుచుకుపోయి రక్తం ఉమ్ముతుంటే చూస్తూ కూర్చోవడం ఇంకా కష్టం. తల్లి లేచి వచ్చి, ఎడంచేత్తో శాలువా కొస పట్టుకుని అతని మూతి తుడిచింది.

"నన్ను క్షమించు నాయనా."

"వాడికి నువ్వు క్షమాపణ చెప్పడమేంటమ్మా!"

"ఇక చాల్రా. మనిషి చచ్చిపోతాడు."

గోడ గడియారం పది కొట్టింది. చివరి గంట మోగేదాకా ముగ్గురూ కదల్లేదు. తల్లి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ మొరటు కొడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోయాడమ్మా. నన్ను నిలువునా ముంచి పోయాడు. ఎత్తుకుని పెంచాను వాణ్ణి."

ఏడుపు ఎంతోసేపు నిలవలేదు. నడుముకు దోపుకున్న తువ్వాలు విప్పి కత్తి తీశాడు. నవ్వులాయన జుట్టు పట్టుకుని, కొట్లో గొర్రె మెడ వంచినట్టు వెనక్కి వంచాడు.

"వాడి బదులు వీడు."

"ఒరేయ్ పెద్దోడా, ఆగు! బండి ఆగింది ఇతని వల్ల కాదురా!"

"తప్పుకో అమ్మా. నీకు అందరూ కావాలి, నేను తప్ప. చిన్నోడికేదో ఇవ్వాలని గుప్పిట్లో దాచి తెచ్చావుగా, ఇక ఎవరికిస్తావు?"

"ఇచ్చేశానురా. వాడికొక్కడికే కాదు, నీక్కూడా."

ఆమె శాలువాలోంచి కుడిచెయ్యి తీసి, కత్తికీ ఆ మెడకీ మధ్య చాపింది.

విప్పిన గుప్పిట్లో బోల్టు ఉంది.