దానంతటదే మూసుకుంది

"ఖట్"మని చప్పుడైంది.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

పిస్తోలు పగటి గార్డు చేతిలో ఉంది. దాని మూతి ఇసుక డ్రమ్ములో ఉంది. ఆమె తూటాల మ్యాగజైను పెట్టి, కింద నుంచి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. అంతే, వెనక్కి లాగి నిలిపిన పై భాగం, స్లైడు, దానంతటదే ముందుకు జారి మూసుకుపోయింది. మీట నొక్కితే తప్ప అది మూసుకోకూడదు. రాత్రి గార్డు వంగి చూసి "సరే" అంటే తప్ప ఆమె మీట నొక్కకూడదు.

ఇప్పుడు గొట్టంలోకి తూటా ఎక్కిందో లేదో దేవుడికే తెలియాలి.

"కదలకు," అన్నాడు రాత్రి గార్డు.

"కదలట్లేదు సార్."

అది నీటి సరఫరా కేంద్రంలో ఆయుధాల గది. బీరువా కంటే కాస్త పెద్దది. ఇద్దరు నిలబడితే మూడోవాడు తన ఊపిరి బయటే వదిలేసి రావాలి. కిటికీ లేదు. పొద్దున ఆరింటికి రాత్రి గార్డు తుపాకీ ఖాళీ చేసి అప్పగిస్తాడు, పగటి గార్డు తన మ్యాగజైను పెట్టుకుంటుంది. రెండు నిమిషాల పని. సాయంత్రం ఆరింటికి ఇదే పని తిరగేసి.

గోడ మీద నిబంధనల పలక ఉంది. తొమ్మిదోది ఎర్ర అక్షరాల్లో ఉంది. పోయినేడాది ఒకతను ఇలాగే మూసుకున్న స్లైడును లాగి చూడబోయి కాలి బొటనవేలు పోగొట్టుకున్నాక రాయించారు. స్లైడు దానంతటదే మూసుకుంటే ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. మూతి ఇసుకలోనే ఉంచాలి. ఇద్దరూ గదిలోనే ఉండాలి. తలుపు తీయకూడదు. తుపాకుల మేస్త్రీ వచ్చి చూస్తాడు. తూటా ఎక్కి ఉంటే, పట్టుకున్నవాళ్ల ఆయుధం కార్డు అక్కడికక్కడే లాక్కుంటాడు. కార్డు పోతే ఉద్యోగం పోయినట్టే.

రాత్రి గార్డు గోడకున్న ఫోను స్పీకరు నొక్కాడు. మేస్త్రీ హెడ్డాఫీసులో ఉంటాడు. ఇక్కడివాళ్లతో ఆయనకు ముఖపరిచయం కూడా లేదు.

"ముప్పావుగంట పడుతుంది. ఫోను పెట్టేయకండి. మీ మాటలు నాకు వినిపిస్తూ ఉండాలి," అన్నాడాయన. వెనకాల స్కూటరు స్టార్టయిన చప్పుడు.

పది నిమిషాలు గడిచాయి. ఆమె ముక్కు కొసన చెమట బొట్టు నిలిచింది. తుడుచుకోవడానికి లేదు.

"చెయ్యి లాగుతోందా?"

"లాగుతోంది సార్."

"లాగనీ. అంత గట్టిగా కొట్టమని ఎవరు చెప్పారు? గోడకు మేకు దిగ్గొడుతున్నావా?"

"మీరు ఎప్పుడు సరే అంటారా అని చూసి చూసి..."

"ఓహో. తప్పు నాదన్నమాట."

"నేనలా అనలేదు."

"ఈపాటికి ఇంట్లో దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి."

"నేనేమన్నా మిమ్మల్ని కట్టేశానా సార్?"

"కట్టేసినట్టే ఉంది."

కాసేపు ఇద్దరూ గోడల్ని చూశారు. చూడ్డానికి గోడలు తప్ప ఏమీ లేవు.

"ఇంట్లో ఎదురుచూస్తుంటారా?" మర్యాదకన్నట్టు అడిగింది ఆమె.

"ఎవరు చూస్తారు? తలుపుకున్న తాళం చూస్తుంది. లోపలికెళ్తే మూత పెట్టిన గిన్నె. నిన్న కూరలో ఉప్పు లేదు."

"వండినవాళ్లు నిద్రకళ్లతో వండుంటారు, పాపం."

"కళ్లు నిద్రపోతే నాలుక కూడా నిద్రపోతుందా?"

ఫోనులోంచి మేస్త్రీ దగ్గాడు. "మీ ఉప్పు పంచాయితీ తర్వాత. మూతి ఇసుకలో ఉందా?"

"ఉందండీ," ఇద్దరూ ఒకేసారి అన్నారు.

అరగంట దాటాక ఆమె మణికట్టు వణకడం మొదలైంది. ఇసుక రేణువులు డ్రమ్ము అంచు దగ్గర చిన్నగా కదులుతున్నాయి. రాత్రి గార్డు ఆమె మోచేతి కింద అరచెయ్యి పెట్టబోయాడు. నిబంధన గుర్తొచ్చి వేలెడు దూరంలో ఆపేశాడు. ఆ చేతిని మాత్రం అక్కడి నుంచి తీయలేదు.

"ఎక్కి ఉంటే?" అంది ఆమె, పెదవులు కదిలీ కదలకుండా.

అతను పలక మీది ఎర్ర అక్షరాల వైపు చూశాడు.

"ఎక్కలేదులే."

ఆ మాట అతనికే నమ్మకంగా వినిపించలేదు.

చివరికి తలుపు తెరుచుకుంది. మేస్త్రీ లోపలికి చెయ్యి మాత్రం చాపి పిస్తోలు అందుకున్నాడు. ఇసుకలోంచి మూతి తీయకుండానే మ్యాగజైను ఊడదీశాడు. స్లైడు లాగాడు.

ఏమీ రాలలేదు.

టార్చి వేసి గొట్టంలోకి తొంగి చూశాడు. వేలు పెట్టి కూడా తడిమాడు.

"అదృష్టవంతురాలివమ్మా. స్లైడు తొందరపడింది, తూటా కిందే ఉండిపోయింది."

ఆమె గోడకు జారగిలబడింది. కార్డు ఆమె జేబులోనే ఉంది.

"అలాగని ఊరికే వదలను," అన్నాడు మేస్త్రీ. "తూటా ఎక్కకపోతే ఏంటో కూడా రాసుంది అక్కడ. నెలరోజులు శిక్షణ. సాక్షిగా ఉన్న మనిషి పక్కనే, అతని షిఫ్టులోనే. రేపట్నుంచి నీక్కూడా రాత్రి డ్యూటీ."

రాత్రి గార్డు తల పట్టుకున్నాడు. "నెలరోజులు ఈవిడతోనా సార్? నేనేం పాపం చేశాను?"

"నాకు మాత్రం సరదానా?" ఆమె గోడవైపు తిరిగింది.

"సంతకాలు పెట్టండి ముందు."

ఒకరి కింద ఒకరు సంతకాలు పెట్టారు. మేస్త్రీ తన పెట్టె సర్దుకుని, వీళ్లు నెల తిరక్కుండా ఒకర్నొకరు కొరుక్కు తింటారని గొణుక్కుంటూ స్కూటరెక్కాడు.

పెళ్లయి ఇరవై రెండు రోజులైనా ఒకే మంచం మీద అతను పగలు, ఆమె రాత్రి పడుకోవాల్సి వస్తున్న ఆ మొగుడూ పెళ్లాలకు, ఆ ఒక్క దెబ్బ కొట్టే ధైర్యం రావడానికి వారం రోజులు పట్టింది.