ట్రాక్ ఎక్కిన బండి

"కండ్లు మూసుకొని చెప్త సార్, ఇది రేసు ట్రాక్ మీద తిప్పిన బండే" అన్నాడు మెకానిక్ రాజలింగు, పగిలిన పిస్టన్‌ని ట్రేలో పెడుతూ. "రోడ్డు మీద నడిపితే ఇంజను గిట్ల కాలదు. టైర్లు చూడుండ్రి, అంచుల దాంక అరిగినయ్. మన తార్నాక సిగ్నల్ కాడ గంతగనం పక్కకు వంచుతరా ఎవరన్న?"

సాకేత్ టైరు వైపు చూసి తల తిప్పుకున్నాడు. ఆ మోటార్‌సైకిళ్ళ షోరూంలో బండ్లు సర్వీసుకు తీసుకునేదీ, వారంటీ కాగితాలు కంపెనీకి పంపేదీ అతనే.

మేనేజర్ సుబ్బరాయుడు గదిలోంచి బయటికి వచ్చాడు.

"ఇంకా ఏవిటయ్యా ఆలోచన? ఇంజను వేగం పద్నాలుగు వేల ఆర్పీఎం ఇరవై ఆరు సార్లు తాకిందని బండి కంప్యూటరే చెబుతోంటే! ట్రాక్ మీద వాడితే వారంటీ లేదు. క్లెయిము కొట్టేసి పంపెయ్."

"ఏ రోజు తాకిందో కంప్యూటర్ చెప్పదు కదండీ."

"రోజుతో నీకేం పని? ఇది పెళ్ళి ముహూర్తమా?"

"ఒకసారి బండి కొన్న ఆ కుర్రాణ్ణి కలిసొస్తానండీ. అతని దగ్గర ఆధారాలేమైనా ఉన్నాయేమో చూడాలి."

సుబ్బరాయుడు అతన్ని వింతగా చూశాడు. "ఫోనుతో పోయేదానికి ఇంత ఎండలో వెళ్తావా? సరే, నీ ఇష్టం. సాయంత్రానికి ఫారం నా బల్ల మీదుండాలి."

తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీలోకి తిరిగితే పది నిమిషాల దారి. భానుప్రకాశ్ హాస్టల్ ముందు వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. కెమిస్ట్రీలో రీసెర్చ్ చేస్తున్నాడు. మూడేళ్ళ ఫెలోషిప్ కూడబెట్టి కొన్న బండి అది. బండి లేకపోయినా దాని మీద కప్పే కవరు మాత్రం దులిపి, మడిచి, చెట్టు మొదట్లో పెట్టి ఉంది.

"ఇంజను ఇస్తరా సార్?" అన్నాడు మొదటి మాటగా. "ఇయ్యకపోతే కొత్తది ఏసే తాకత్ నాకు లేదు. తుక్కుకే అమ్ముకోవాలె."

"నిజం చెప్పు భానూ. బండి ట్రాక్ మీదికి తీసుకెళ్ళావా?"

"ట్రాక్ అంటే టీవీల చూసుడే సార్."

అప్పుడే నిద్రలేచి పక్కనే పళ్ళు తోముకుంటున్న అతని రూమ్మేట్ వెంకటసాయి పకపక నవ్వాడు. "వీడా సార్? స్పీడ్ బ్రేకర్ వస్తే దిగి నడిపించుకుంట పోతడు! ఆర్ట్స్ కాలేజీ కాడ మొన్న ఒక తాత సైకిల్ మీద వీణ్ణి దాటేసి పోయిండు. 'పక్కకు జరుగు బిడ్డా' అని బెల్లు గూడ కొట్టిండు."

"నువ్వు నోరు కడుక్కోపోరా" అన్నాడు భాను చిన్నబోయి.

సాకేత్ నవ్వలేదు. "నువ్వు తీసుకెళ్ళలేదనడానికి రుజువేముంది? ఫోటోలు, వీడియోలు, ఏమైనా?"

"ఏం లెవ్వు సార్."

"మీటరు ఫోటో కూడా తియ్యలేదా ఎప్పుడూ?"

"లేదు సార్."

సాకేత్ ఊపిరి వదిలాడు. కానీ భాను చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళి మళ్ళీ కిందికి దిగడం అతని కంటపడింది. వీడు ఏదో దాస్తున్నాడు.

"జేబులో ఏంటది?"

భాను సిగ్గుపడ్డాడు. "ఏం లేదు సార్, నవ్వుతరు మీరు." బయటికి తీసింది అరచేతిలో పట్టేంత నోటుబుక్కు. "మా నాయన ట్రాక్టర్ కిరాయికి పంపేటప్పుడు మీటర్ల ఎన్ని గంటలున్నయో రాసుకుంటడు, తిరిగొచ్చినంక మళ్ళ రాసుకుంటడు. చిన్నప్పుడు ఆ రాసే పని నాదే. అదే అలవాటైంది. బండి ఎవరి చేతికిచ్చినా గంతే, ఇచ్చినప్పుడొక నంబరు, తెచ్చుకున్నప్పుడొక నంబరు."

సాకేత్ ఆ నోటుబుక్కు వైపు ఒక అడుగు వేశాడు. "సర్వీసుకిచ్చినప్పుడు కూడానా?"

"అన్నీ ఉన్నయి సార్. శుక్రవారం ఇచ్చింది, సోమవారం తెచ్చుకున్నది, పెట్రోలు పోయించింది..."

"ఎప్పుడైనా లెక్కేసి చూశావా? తేడాలేమైనా?"

"రాసుడే నా పని సార్. లెక్క చూసుడు మా నాయన పని. వచ్చే వారం ఊరికి పోయినప్పుడు చూపిస్త."

"ఇంకెవరికైనా చూపించావా?"

"ఎవరికీ లేదు."

సాకేత్ చెయ్యి చాచాడు. ఇస్తాడో ఇవ్వడో అనుకున్నాడు. భాను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తీసుకపోండి సార్. కంపెనోళ్ళు చూస్తే నమ్ముతరేమో. నా తరఫున ఎండల పడి ఇంత దూరం వచ్చింది మీరొక్కరే."

తిరిగి వస్తూ చౌరస్తా దగ్గర ఒక చాయ్ దుకాణం నీడలో స్కూటరు ఆపాడు సాకేత్. కావలసిన పేజీ తొందరగానే దొరికింది. పైన శుక్రవారం నంబరు, కింద సోమవారం నంబరు, గుండ్రటి చేతిరాత. రెంటికీ మధ్య వందల కిలోమీటర్ల తేడా. ఈ ఒక్క కాగితం లేకపోతే ఆ కుర్రాడికి నోటిమాట తప్ప ఏమీ మిగలదు. నోటిమాటను కంపెనీ నమ్మదు. పేజీ అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. చాయ్ చల్లారిపోయి మీగడ కట్టింది.

షోరూంకి వచ్చేసరికి నాలుగైంది. సుబ్బరాయుడు వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"ఏం తేల్చావయ్యా?"

సాకేత్ ఫారం ముందుకు లాక్కున్నాడు. 'బండిని ట్రాక్ మీద నడిపారా?' అన్న ప్రశ్న ఎదుట 'అవును' అని రాశాడు.

"అదీ! నేను పొద్దున్నే చెప్పలా? కుర్రకుంకలు, వీళ్ళ మొహాలు చూసి జాలిపడకూడదు" అంటూ సుబ్బరాయుడు తృప్తిగా గదిలోకి వెళ్ళిపోయాడు.

రాజలింగు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి తలాడించాడు. "పాపం పొల్లగాడు" అని గొణుక్కుంటూ పోయాడు.

కింద 'నడిపినవారి పేరు' అన్న గడిలో సాకేత్ తన పేరు రాశాడు.