పిండి పురుగు

"గుమ్మం కింద ఈ పొడేంటే? నిన్ననే కదా ఊడ్చావు."

బయటి తాళం తీసి లోపలికి వస్తూనే అడిగాడు భర్త. బజార్లో తాళాల కొట్టు అతనిది.

"పిండండీ. జల్లిస్తుంటే గాలికి ఇక్కడిదాకా వచ్చింది."

"మరి ఇవి?" చెప్పు కొసతో నువ్వుగింజంత ఎర్రటి పురుగును చూపించాడు.

"పిండి పురుగులు. పిండి ఉన్నచోటికే చేరతాయి."

పురుగుల విషయంలో ఆమె మాటకు తిరుగులేదు. పెళ్లికి ముందు పురుగుల మ్యూజియంలో పనిచేసింది. పెంకు పురుగులను సూదికి గుచ్చి, కింద పేరు రాసి అతికించడమే పని. పెళ్లయిన నెలకే అతను ఆ ఉద్యోగం మాన్పించాడు. 'పురుగుల పంతులమ్మా' అని ఏడిపించడం మాత్రం మానలేదు. రోజూ కొట్టుకు వెళ్తూ బయట తాళం పెడతాడు, ఫోను తన జేబులో వేసుకుపోతాడు. కిటికీలకు ఇనుప చువ్వలు. మూడేళ్లుగా ఇదే కాపురం. ఊపిరాడేది కాదు ఆమెకు. ఒక్కసారి ఎదురు మాట్లాడితే రెండో తాళం వచ్చిపడింది.

"ఎందుకైనా మంచిది, రేపు మందు కొట్టేవాణ్ణి తెస్తా."

ఆమె చప్పున అడ్డుపడింది. "వంటింటి పక్కనే మందు కొడితే తినేదంతా విషమైపోదూ? నా మీద నమ్మకం లేకపోతే ఎవరికైనా చూపించండి."

వంటింట్లోకి వెళ్లి, పిండి డబ్బాలోంచి ఒక పురుగును అగ్గిపెట్టెలో వేసి తెచ్చిచ్చింది.

మర్నాడు సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. "విత్తనాల కొట్టాయన కూడా పిండి పురుగేనన్నాడు. పంతులమ్మంటే పంతులమ్మే." చేతిలో అరకిలో బరువున్న కొత్త తాళం. "ఇది చూడు. ఏనుగు లాగినా ఊడదు."

"బాగుందండీ," అంది.

ఆ తర్వాత అతను కిందికి చూడడమే మానేశాడు. ఆమె రోజూ పొడి ఊడ్చేది, గుమ్మాన్ని తడిగుడ్డతో తుడిచేది.

ఒకరోజు అక్క కిటికీ దగ్గరికొచ్చింది. "మ్యూజియంలో నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందటే. పోలీసుల దగ్గరికి పోదామంటే వద్దంటావు. ఎన్నాళ్లిలా?"

"వాళ్లొచ్చి వెళ్లాక ఈ ఇంట్లో ఉండాల్సింది నేనే కదక్కా. ఈ పురుగుల పని కానీ, వచ్చేస్తా."

"నీ పిచ్చి తగలెయ్య, ఇప్పుడు పురుగులేంటే." అక్క కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

వానలు తగ్గాక ఒక ఉదయం, అతను తాళం పెట్టి, రెండుసార్లు లాగి చూసుకుని కొట్టుకు వెళ్లాడు. ఆమె చెప్పులు తొడుక్కుంది. సంచీ భుజాన వేసుకుని, తలుపు పిడిని రెండు చేతులా పట్టి లాగింది. బయటి గొళ్లెం మేకులతో సహా గుమ్మంలోంచి ఊడొచ్చింది. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. కుప్పగా రాలిన పొడి మీదుగా ఆమె గడప దాటింది.

పిండి పురుగులు చెక్క తినవు.