ఇరవై ఏడుకి ఇరవై ఏడు

డెలియా కాగితాలను మూడోసారి లెక్కపెట్టింది. ఇరవై ఏడు. హాజరుపట్టీలో పేర్లూ ఇరవై ఏడే. సంతోషించాల్సింది పోయి ఆమె నొసలు ముడివేసింది.

తొమ్మిదేళ్లుగా ఆమె పని ఇదే. పడవెక్కి దీవి దీవికీ వెళ్లి హైస్కూలు పిల్లల చేత ఆరోగ్య సర్వే రాయించడం. పేరు రాయనక్కర్లేదు, గళ్లలో టిక్కులు పెడితే చాలు. ఇష్టం లేనివాళ్లు మానేయవచ్చు. చాలామంది ఆ చివరి మాటే వింటారు. అందుకే నూటికి డెబ్భై మంది రాస్తే డెలియా ఆ ఊరికి దణ్ణం పెట్టేది. ఎనభై మంది రాస్తే ఆఫీసులో అందరికీ పాన్సిట్ నూడుల్స్ కొనిపెట్టేది. నూటికి నూరు ఏ ఊళ్లోనూ చూడలేదు. అలాంటిది సముద్రం ఉగ్రంగా ఉండి నెలన్నరగా చేపల వేట సాగని ఈ జనవరిలో, ఈ మూల దీవిలో, తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కరంటే ఒక్కరు తప్పలేదు.

పైగా వచ్చిన తీరు చూడాలి. కాలు విరిగిన కుర్రాణ్ణి ఇద్దరు కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఆటలమ్మ పోసిన అమ్మాయి కిటికీ అవతల బల్ల వేసుకుని కూర్చుని రాసింది. నెలరోజులుగా బడి ఎగ్గొట్టి పట్నం రేవులో మూటలు మోస్తున్న రేనాంతె పొద్దున మొదటి పడవలో దిగాడు. డెలియా బిస్కెట్లు పంచబోతే, కడుపు నిండా తినే వచ్చామని అందరూ ఒకే మాట చెప్పి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అతి వినయం ధూర్త లక్షణం అనుకుందామె. ఎవరో వీళ్లకు గట్టిగానే తర్ఫీదు ఇచ్చి ఉండాలి.

బలవంతంగా రాయించినట్టు తేలితే ఆ తరగతి కాగితాలన్నీ రద్దవుతాయి. తేల్చాల్సింది ఆమే. రాసేటప్పుడు టీచరు గదిలో ఉండకూడదన్న నిబంధన ప్రకారం వరండాలో కూర్చున్న క్లాసు టీచరు ఒనోఫ్రె దగ్గరికి వెళ్లింది.

"సర్, నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా? మార్కులు కోస్తానన్నారా, ఫెయిల్ చేస్తానన్నారా?"

ఒనోఫ్రె నొచ్చుకున్నాడు. ఇష్టమైతే రాయండి, లేకపోతే లేదని ఒకే ఒక్కసారి చెప్పానన్నాడు. పదిహేను మంది వస్తే గొప్పనుకున్నాడట. వచ్చినవాళ్లను చూసి తనే బిత్తరపోయాడట. పిల్లల్నే అడగమని చెప్పి, తను దగ్గరుంటే బాగుండదని గేటు దాకా వెళ్లి నిలబడ్డాడు.

డెలియా కాలు విరిగిన కుర్రాణ్ణి అడిగితే పైకప్పు చూశాడు. కూలి పోగొట్టుకుని మరీ ఎందుకొచ్చావని రేనాంతెను అడిగితే, బుద్ధి పుట్టి వచ్చానన్నాడు. నిజం చెప్పకపోతే కాగితాలన్నీ రద్దు చేయాల్సి వస్తుందని చెప్పేసరికి మాత్రం అందరి ముఖాలూ మాడిపోయాయి. క్లాస్ లీడర్ జోవిలిన్ లేచింది. అడుగుతున్నట్టుగా మిగతావాళ్ల వైపు ఓసారి చూసింది.

"సర్‌కి చెప్పనంటే చెప్తాను మేడమ్."

సర్వేలో ఏమేం అడుగుతారో ఇళ్లకు పంపిన ఉత్తరంలో ఉంది. అది చేరిన తర్వాత, సోమవారం పొద్దున వీళ్లు వచ్చేసరికి బోర్డు మీద పెద్దపెద్ద అక్షరాలు కనిపించాయట. 'అందరూ రాస్తేనే నేను ఇంట్లో తిండి సంగతి నిజం రాస్తాను. కొందరే రాస్తే నన్ను పట్టేస్తారు.' కింద పేరు లేదు. సర్ వచ్చేలోపు తుడిచేశారు.

ఆ దీవిలో ఆకలి అన్న మాట పైకి అనరు. రెండేళ్ల కిందట తుఫాను వచ్చినప్పుడు ఓ ఇంటివాళ్లు ఉచిత బియ్యం తెచ్చుకుంటే, ఆ ఇంటి పిల్లవాడికి ఊరంతా కలిసి గోనెసంచి అని పేరు పెట్టింది. వాడు ఆ పేరు తట్టుకోలేక చదువే మానేశాడు. ఇంకొకరికి ఆ గతి పట్టకూడదని వీళ్లంతా అనుకున్నారట.

"రాసిందెవరో కనుక్కోలేదా?" అంది డెలియా.

"కనుక్కుంటే ఇంకేముంది మేడమ్? ఎవరో తెలియకూడదనేగా అందరం వచ్చింది."

"ఎవరి మీదా అనుమానం కూడా లేదా?"

"మాలో ఒకరు. మాకు అంతే తెలుసు," అంది జోవిలిన్. "ఆ ఒక్కరి కాగితం పారేయకండి మేడమ్."

డెలియా కాగితాల కట్టను దగ్గరికి తీసుకుంది. జీతం తీసుకుంటూ, ఊరూరా బతిమాలుతూ తను తొమ్మిదేళ్లలో చేయలేని పని ఈ పిల్లలు నాలుగు రోజుల్లో చేశారు. అదీ ఎవరో కూడా తెలియని ఒక్కరి కోసం. తన అనుమానానికి తనకే సిగ్గేసింది. బలవంతం ఏమీ లేదని రాసి, సంతకం చేసి, కాగితాలన్నీ కవరులో పెట్టి సీలు వేసింది. గేటు దగ్గర ఒనోఫ్రెకు క్షమాపణ చెప్పింది. పిల్లలు ఏం చెప్పారని అతను అడిగితే, మీ పిల్లలు బంగారం సర్ అని మాత్రం అంది.

మర్నాడు ఆఫీసులో సీలు విప్పింది. ఏడో ప్రశ్న దగ్గర ఆమె కళ్లు ఆగాయి. గడిచిన నెలలో ఇంట్లో తిండి లేక పస్తులున్నావా? నాలుగో కాగితంలో 'చాలాసార్లు' అన్న గడిలో టిక్కు ఉంది. దొరికావు తల్లీ అనుకుంది, అమ్మాయో అబ్బాయో తెలియకపోయినా. ఆ కాగితాన్ని చేత్తో ఒకసారి నిమిరి పక్కన పెట్టింది. పని పనే కాబట్టి మిగతావి కూడా ఒక్కొక్కటే తిప్పి, ఆ గడిలో ఉన్న టిక్కులన్నీ లెక్కేసింది.

ఆ ఒక్కరు పందొమ్మిది మంది.